పదిహేడో నంబరు పడవ

దువ్వాడ,
జులై 9

నాన్నకి,

ఈ కవరు చూసి "ఇదేటి, ఈ కాలంలో ఉత్తరాలేటి" అని అమ్మ మీదకి విసిరేస్తావని తెలుసు. విసిరినా పరవాలేదు, మళ్లీ నువ్వే వెతికి తీస్తావు. బజ్జీలు కట్టిచ్చిన పేపరు ముక్కలో టెండరు ప్రకటనలు కూడా వదలకుండా చదివే మనిషివి, కూతురు రాసింది చదవకుండా ఉంటావా? ఫోన్ చేస్తే "ఇదిగో, నీ కూతురు" అని అమ్మ చేతిలో పెట్టేస్తున్నావు. ఇంటికొస్తే సరిగ్గా అప్పుడే నీకు చిరిగిన వల గుర్తొస్తుంది. ఉత్తరంలో నేను చెప్పేది మధ్యలో ఆపడానికి నీకు వీలుండదు. అందుకే ఈ ఏర్పాటు.

నీ కోపం ఎందుకో నాకు తెలుసు కాబట్టి ఆ రోజు సంగతే ముందు మాట్లాడుకుందాం. వేట నిషేధం ముగిసి పడవలు నీళ్లలో దిగేముందు మత్స్యకారులకి సాయం చేసే సంస్థవాళ్లు ఇరవై ఐసు డబ్బాలు తెచ్చారు. పేటలో పడవలు నలభై. డబ్బా ఉంటే పట్టిన చేప పాడవకుండా ఒడ్డు చేరి పచ్చిగా అమ్ముడుపోతుందని, లేకపోతే చాలా భాగం ఎండబెట్టడానికే పోతుందని వాళ్ల నమ్మకం. నమ్మకం చాలదు, లెక్క కావాలన్నారు. లెక్కలో తేడా తేలితే మిగతా ఇరవై పడవలకీ డబ్బాలు వస్తాయి. తేలకపోతే ఇచ్చినవి కూడా పట్టుకుపోతారు. కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పుకునే నాకు ఆ పని ఇచ్చారు, పేట పిల్లని కాబట్టి పేట నా మాట వింటుందని.

విన్నారు కూడా. అమ్మ పెద్ద సత్తు గిన్నెలో నలభై పడవల చీటీలు వేసి అందరి ముందూ తీశాను. మొదటి ఇరవై చీటీలకి డబ్బా, తర్వాతి ఇరవైకి లేదు. నీ చీటీ వెనకబడింది. "పదిహేడో నంబరు పడవ, మైలపిల్లి ఎల్లారావు, లేదు" అని చదివి పక్కన పెట్టాను. గవర్రాజు మావ వెనక నుంచి "సొంత కూతురే దెబ్బేసీసిందిరా బావా" అన్నాడు, పేటంతా నవ్వింది. నువ్వు నవ్వలేదు. తువ్వాలు దులిపి భుజం మీద వేసుకుని వెళ్లిపోయావు.

ఆ సాయంత్రం అమ్మ నా పక్కన చేరి, "ఒక్క సీటీ మార్సీ గుంటా, ఎవులికి తెలుత్తాది? మీ నాన్న మొకం సూడు, ఎలాగ అయిపోనాదో" అంది. నువ్వు పంపితేనే వచ్చిందని నాకు అర్థం కాలేదనుకోకు. నేను మార్చనన్నాను. అప్పటి నుంచీ నువ్వు నాతో మాట్లాడటం లేదు.

ఎందుకు మార్చనన్నానో విను. నువ్వు ఈ పేటలో మంచి వేటగాడివి. వల ఎక్కడ వెయ్యాలో, ఎప్పుడు వెనక్కి తిరగాలో నీకు తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. డబ్బా లేకపోయినా నీ చేప బాగానే ఒడ్డు చేరుతుంది. నీలాంటి వాళ్లకే ఏరి డబ్బాలు ఇచ్చాననుకో, రేపు తేడా కనబడితే అది నీ గొప్పా, డబ్బా గొప్పా? నీ పేరు డబ్బాకి పోతుంది నాన్నా. అందుకే గిన్నె. గిన్నెకి మొహమాటం లేదు, మంచివాళ్లూ మామూలువాళ్లూ రెండు గుంపుల్లోకీ సమంగా చేరతారు.

ఇక లెక్క. రోజూ ఒడ్డున పడవ పడవకీ అడుగుతాం, పది కిలోల్లో ఎన్ని కిలోలు పచ్చిగా అమ్మారు, ఎన్ని ఎండుకి పోయాయి అని. డబ్బా ఉన్న గుంపుకి ఒక సగటు, లేని గుంపుకి ఒక సగటు. సగటులు రెండూ వేరుగా ఉంటే పని అయిపోయిందని కాదు. రేవులో పడవ అంచు నీటికి జానెడు పైకి కనబడితే సరుకు దింపేశారని అనుకుంటామా, అల లేచిందనుకుంటామా? అలలు ఎంతెంత లేస్తున్నాయో చూస్తే గానీ చెప్పలేం. నా లెక్క కూడా అంతే. ఒక్కో గుంపు లోపల పడవకీ పడవకీ ఎంత ఎగుడుదిగుడు ఉందో ముందు చూస్తాను. ఆ ఎగుడుదిగుడుతో పోలిస్తే సగటుల మధ్య దూరం పెద్దదైతే అది డబ్బా చేసిన పనే అంటాను. చిన్నదైతే అది అల. ఒక్క రోజు వంజరం పడిందని నువ్వు మీసం తిప్పినప్పుడు అమ్మ "రేపు సూద్దారి" అంటుంది చూడు, ఆ మాటే మేము క్లాసులో గంటసేపు చెబుతాం.

నాకు భయం లేదు నాన్నా. ఐసు తన పని తను చేస్తుంది, లెక్క దాని పని అది చేస్తుంది. సెప్టెంబరుకల్లా నీ పడవలోకి కూడా డబ్బా వస్తుంది. అప్పటిదాకా అలగాలంటే అలుగు, కానీ మధ్యాహ్నం అన్నం మానకు. మీ అల్లుడికి ఈ వారం స్టీల్ ప్లాంటులో ఎ షిఫ్టు, ఆదివారం ఇద్దరం వస్తాం. మాట్లాడకపోయినా ఆయనకి పులుసు పెట్టు.

నీ మీద అలగడం చేతకాని,
ఆశ


దువ్వాడ,
సెప్టెంబరు 14

మాట్లాడని నాన్నకి,

నా లెక్క బోల్తా కొట్టింది. నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది, పేటలో ఏ కబురు దాగుతుంది గనక. డబ్బా ఉన్న పడవల సగటు పది కిలోలకి ఏడు కిలోల పచ్చి చేప. లేని పడవలది ఏడుకి పిసరు తక్కువ. పరీక్షకి పెడితే ఆ పిసరు ఉత్త అల అని తేలింది. సంస్థ పెద్ద రమణమూర్తి గారు కాగితం చూసి, "అయితే డబ్బాలు వెనక్కి తీసుకోవాలమ్మా" అన్నారు. ఆయన గొంతులో సంతోషమేమీ లేదు.

నాకు మాత్రం నమ్మకం కలగలేదు. రెండు సగటులూ ఒకటేనని పరీక్ష ఎప్పుడూ చెప్పదు. "నువ్వు తెచ్చినదాంట్లో నాకు తేడా కనబడలేదు" అంటుంది, అంతే. మరి నేను తెచ్చినదాంట్లోనే ఏదో ఉంది. కాలేజీకి సెలవు పెట్టి, మొదటి బండికి దువ్వాడలో ఎక్కి, తెల్లారేసరికి పేట ఒడ్డున నిలబడ్డాను. నువ్వు నన్ను చూశావు. చూసి, పక్కనున్న అమ్మతో "లెక్కల మేడం గారొచ్చినారు, దారి ఇయ్యండి" అన్నావు. అది నాకు తగలాలనే అన్నావు, తగిలింది కూడా. అయినా నేను వెళ్లలేదు, చూస్తూ నిలబడ్డాను.

నీ పడవ, జగ్గయ్య మావ పడవ, ఇంకో రెండూ, మీ జట్టు నాలుగూ ఎప్పట్లాగే ఒకదాని వెనక ఒకటి అప్పుడే ఒడ్డు చేరి ఉన్నాయి. జగ్గయ్య మావకి డబ్బా ఉంది, నీకు లేదు. అమ్మ గంప పట్టుకుని నీ పడవ దాటిపోయి జగ్గయ్య మావ డబ్బా మూత తీసింది. పచ్చ తాడు కట్టిన సంచి బయటికి లాగింది. ఆ పచ్చ తాడు నీది. దాని కింద ఎర్ర తాడు సంచి, దాని కింద ఇంకో రెండు. ఒక్క డబ్బాలో నలుగురి చేపలూ ఉన్నాయి.

నేను వెళ్లి "మావా, ఇదేంటి, డబ్బా నీకు కదా ఇచ్చింది" అన్నాను. జగ్గయ్య మావ నన్ను వింతగా చూశాడు. "నాకే ఇచ్చినారమ్మా, నానేటి కాదన్నానా? మీ నాన్న సేపలు ఎండలో ఒగ్గీసి నా సేపలు ఐసులో ఎట్టుకుంతే రేపు ఏ మొకం ఎట్టుకుని ఆడితో సముద్రం మీదకి ఎల్తాను?"

అక్కడే ఇసకలో కూర్చుని నవ్వాను నాన్నా. అమ్మ నాకు ఎండ తగిలిందనుకుని నీళ్లు తెచ్చింది. నవ్వు అయిపోయాక ఏడుపొచ్చింది. తాతల నాటి తుఫాను నుంచీ మన పేటలో పడవలు ఒంటరిగా పోవు. నాలుగేసి పడవలు ఒక జట్టు. డీజిలు, తాగేనీళ్లు, గంజి, ఏది ఎవరి దగ్గరున్నా జట్టంతటిదీ. నేను ఆ గంజి తాగే పెరిగాను. అయినా చీటీలు రాసేటప్పుడు పడవల నంబర్లు రాసుకున్నాను, జట్లు రాసుకోలేదు. నేను చేసే పరీక్షకి మొదటి షరతు రెండు గుంపులూ స్వతంత్రంగా ఉండాలని. ఒక గుంపుకి ఇచ్చింది రెండో గుంపుకి చేరకూడదు. ప్రతి ఏడూ పిల్లలకి బోర్డు మీద రాసి కింద గీత గీసి మరీ చెబుతాను. మన పేటలోనా స్వతంత్రం? ప్రతి జట్టులోనూ డబ్బా ఉన్నవాడూ లేనివాడూ కలిసి, రెండు సగటుల్నీ మీ చేతులతో మీరే ఒక్కటి చేసేశారు.

రమణమూర్తి గారికి చెప్పాను. ఆయన "నాకూ ఆ డబ్బాలు మీవాళ్లకి ఉండాలనే ఉందమ్మా. లేనివాళ్లలో మరీ బాగా వచ్చిన ఓ ఐదారు పడవలు తీసేసి లెక్క కడితే తేడా కనబడదా?" అన్నారు. కనబడుతుంది. తీసేసే వాటిలో మొదటిది నీ పడవే అవుతుంది. నేను కుదరదన్నాను. కన్నతండ్రికి మార్చని చీటీ ఆయనకి మారుస్తానా? నా పేరుతో ఇచ్చిన మొదటి ఫలితాన్ని వెనక్కి తీసుకుంటున్నానని, తప్పు చీటీలు రాసిన చోట జరిగిందని సంతకం పెట్టి ఇచ్చాను. నన్ను తప్పించి ఇంకొకరిని పెట్టుకున్నా పెట్టుకోవచ్చు. పెట్టుకోనీ. ఈ పని ఎలా చెయ్యాలో ఇప్పుడు నాకు బాగా తెలుసు.

చెయ్యాల్సింది ఇది. ఈసారి చీటీలు పడవలకి కాదు, జట్లకి. నలభై పడవలు పది జట్లు. ఐదు జట్లలో నాలుగు పడవలకీ డబ్బాలు ఇవ్వాలి, ఐదు జట్లలో ఒక్క పడవకీ ఉండకూడదు. జట్టులో మీరు ఎంతైనా పంచుకోండి, జట్టు దాటి మాత్రం పంచుకోకూడదు. నలభై కాస్తా పది అయింది కాబట్టి సాక్ష్యం పలచబడింది. తేడా గట్టిగా ఉంటేనే తేలుతుంది. ఇది ఆఖరి అవకాశమని, డిసెంబరులోగా తేలకపోతే డబ్బాలు వేరే జిల్లాకి పోతాయని రమణమూర్తి గారు చెప్పేశారు.

దీనికి నువ్వు కావాలి నాన్నా. ఇప్పుడు డబ్బా ఉన్నవాళ్లు కొందరు ఇచ్చేయాలి. నేను అడిగితే ఇవ్వరు. పెద్దవాడివి, నువ్వు అడిగితే ఇస్తారు. నీ జట్టుకే మళ్లీ లేకుండా పోవచ్చు, అది కూడా ముందే చెబుతున్నాను. ఈసారి గిన్నె దగ్గర నువ్వే కూర్చో.

నువ్వు మాట్లాడకపోవడం నాకు చాలా కష్టంగా ఉంది. లెక్క కోసం అడుగుతున్నానని, బతిమాలుకోవడం లేదని అనుకున్నా అనుకో. రెండూ చేస్తున్నాను.

నీ కూతురు,
ఆశ


దువ్వాడ,
సెప్టెంబరు 22

నాన్నా,

ఆదివారం పేట మీటింగు పెట్టావని అమ్మ చెప్పింది. నేను వస్తాను, వెనక ఆడవాళ్లలో కూర్చుంటాను, నోరు తెరవను. చీటీలు మడిచేటప్పుడు అన్నీ ఒకేలా మడువు. జగ్గయ్య మావని నీకు దూరంగా కూర్చోబెట్టు, ఆయనకి ఓపిక తక్కువ.

ఆశ


పేట,
డిసెంబరు 18

అమ్మాయి ఆశకి,

మీ నాన్న రాస్తున్నాడు. నువ్వు మూడు ఉత్తరాలు రాశావు, నాను ఒక్కటీ రాయలేదు. మనం మాట్లాడుకుంటూనే ఉన్నాము కదా, ఇప్పుడు ఉత్తరం ఏటికని మీ అమ్మ అంటున్నాది. ఉత్తరానికి ఉత్తరమే బదులు. పుస్తకంలో రాసినట్టు రాద్దామని కూర్చున్నాను, కుదిరినంత మట్టుకు చదువుకో.

ముందు మన సంగతి. సంస్థవాళ్ల లారీ నిన్న వచ్చింది. మిగతా ఇరవై డబ్బాలు దింపి వెళ్లారు. పదిహేడో నంబరు పడవలోకి కూడా ఎక్కింది. మీ అమ్మ దాంట్లో మజ్జిగ పెట్టుకుంటానని ఒకటే గొడవ. రమణమూర్తి గారు స్వయంగా వచ్చి, ఆశ గారి లెక్కే మీకు డబ్బాలు తెచ్చిందని మైకులో చెప్పారు. నువ్వు గోడ మీద గీతలు గీసి, డబ్బా ఉన్న జట్లు ఎనిమిది కిలోలు దాటాయి, లేనివి ఆరు కూడా ముట్టలేదు, ఇది అల కాదు అని చెప్పిన రోజు నువ్వు చూడలేదు గానీ, జగ్గయ్యగాడు కళ్లు తుడుచుకున్నాడు. అడిగితే ఇసక పడిందన్నాడు.

చీటీల రోజు సంగతి నువ్వు వెనక నుంచి చూశావు. "మూడో జట్టు, మైలపిల్లి ఎల్లారావు జట్టు, లేదు" అని నానే చదివాను. పేట మళ్లీ నవ్వింది. ఈసారి నాకూ నవ్వొచ్చింది. జగ్గయ్య డబ్బా నానే మోసుకుపోయి గవర్రాజు జట్టుకి ఇచ్చాను. దారి పొడుగునా జగ్గయ్య నన్ను తిడతానే ఉన్నాడు.

నీకు చెప్పనిది ఒకటి ఉంది. అక్టోబరులో ఒక రోజు మా జట్టుకి కానాగంత చేపలు విరగబడి పడ్డాయి. వల లాగలేకపోయాము. గాలి లేదు, ఎండ మాడ్చేస్తున్నాది. గవర్రాజు తన పడవ దగ్గరకి తెచ్చి, "బావా, మా డబ్బాలు కాలీగా ఉన్నాయి, సేపలు ఇలాగ ఎట్టీరా, ఎవులు సూత్తారు?" అన్నాడు. ఎవరూ చూడరు. నువ్వు అక్కడ లేవు, మీ సంస్థ లేదు. నాను "ఒద్దురా బావా, మా గుంట లెక్క సెడిపోతాది" అన్నాను. ఆడు పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు. ఒడ్డుకి వచ్చేసరికి సగం పైగా ఎండుకే పోయింది. మీ అమ్మ తిట్టిన తిట్లు ఉత్తరంలో రాయడానికి పనికిరావు. పేటలో ఎదుటోడు ఐసు ఇస్తానంటే ఒద్దన్నవాడు నాకు ముందు లేడు, నా తర్వాత ఉండకూడదు. అది మన పద్ధతి కాదు. నీ కోసమని ఒక్కసారి తప్పాను.

ఇంక నీ మొదటి ఉత్తరానికి జవాబు. చీటీ మార్చమని మీ అమ్మని నాను పంపలేదు. అది మీ అమ్మ సొంత తెలివి. అడిగి చూసుకో. సాక్ష్యం లేకుండా తేల్చకూడదని పిల్లలకి చెప్పే మేడం గారు కన్నతండ్రి మీద సాక్ష్యం లేకుండానే తేల్చేశారు.

నా కోపం డబ్బా గురించి కాదు. డబ్బా లేకుండానే నా జీవితమంతా గడిచింది. నువ్వు పుట్టిన కాణ్ణుంచి నీ నోట నా పేరు నాను వినలేదు. ఆ రోజు నలుగురిలో మైలపిల్లి ఎల్లారావు అని చదివావు, బ్యాంకులో టోకెను పిలిచినట్టు. చదివి తల కూడా ఎత్తలేదు. చదువుకున్నాక నీకు నాను నలభైలో ఒకడినైపోయాను అనుకున్నాను. అందరూ చీటీకి నవ్వారనుకున్నావు. నాకు మాత్రం, కూతుర్ని పోగొట్టుకున్నానని నవ్వినట్టు వినబడింది.

సెప్టెంబరులో గిన్నె ముందు కూర్చుని నా చీటీ నా చేతికే వచ్చినప్పుడు తెలిసింది. "ఇది నాది" అని చదవబోయి ఆగిపోయాను. అలాగ చదివితే గిన్నె దగ్గర కూర్చునే మనిషిని కాను. అక్కడ నా పేరు అలాగే చదవాలి, తల ఎత్తకుండానే చదవాలి. తల ఎత్తితే నా మొహం చూసి నువ్వు చదవలేకపోయేదానివి. ఇప్పుడు నాకది తెలుసు. మొన్న గోడ దగ్గర కూడా నువ్వు "ఎల్లారావు గారి జట్టు" అనే అన్నావు. నాకేమీ అనిపించలేదు.

కానీ లెక్క అయిపోయింది. గిన్నె మీ అమ్మ అటక మీద పెట్టేసింది. వచ్చే ఆదివారం నువ్వూ అల్లుడూ వచ్చినప్పుడు, ఇంట్లోకి వచ్చాక పిలవడం కాదు. వీధి మొదట్లో, గవర్రాజు ఇంటి దగ్గర నుంచే "నాన్నా" అని పిలు. గట్టిగా పిలు. ఆ రోజు నవ్వినవాళ్లందరూ అరుగుల మీదే ఉంటారు. వాళ్లు వినాలి.

పదిహేడో నంబరు పడవ,
మైలపిల్లి ఎల్లారావు,
మీ నాన్న